మినిట్స్ పుస్తకం చేతికొచ్చింది

"ఇక ఇది మీ బాధ్యతండీ" అంటూ పాత కార్యదర్శిగారు మా పండిత సంఘం సమావేశాల్లో జరిగింది రాసిపెట్టే మినిట్స్ పుస్తకం నా చేతిలో పెట్టారు. నల్ల అట్ట, మూలలు నలిగిపోయి ఉన్నాయి.

ఇంటికొచ్చి తిరగేశాను. ఒకచోట ఓ గ్రంథ వ్యాఖ్యానాన్ని సంఘం పేరు మీద అచ్చు వేయాలన్న తీర్మానం. ఓటింగులో నెగ్గింది. దాని కిందే, వద్దన్న ఒకే ఒక్క సభ్యుడి కారణాలు అర పేజీ నిండా. చదువుతుంటే ఒళ్లు ఝల్లుమంది.

నోటీసు టైముకి పంపడం, కోరం, అంటే ఉండాల్సిన కనీస హాజరు, చూసుకోవడం, కోశాధికారి లెక్కలు అజెండాలో పెట్టడం, ఇవన్నీ నేర్చుకోవచ్చు. నా టెన్షన్ అది కాదు. గ్రంథాల అర్థం విషయంలో నాకూ గట్టి అభిప్రాయాలున్నాయి. నాకు నచ్చని వాదనని కూడా ఇంత నిండుగా రాయగలనా?

వచ్చే సమావేశంలో ముందు పాత మినిట్స్ చదివి ఆమోదం తీసుకోవాలి. ఇప్పటికే రెండుసార్లు పైకి చదువుకున్నాను.