పరధ్యానం

నిన్న రాత్రి బ్రష్ నోట్లో పెట్టుకుని హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతున్నా, చెవిలో ఒకటే పాట మళ్ళీ మళ్ళీ మోగుతోంది, నురగ గడ్డం మీంచి కారి చొక్కా మీద పడ్డాక గానీ తెలీలేదు 40 నిమిషాలు అయిపోయాయని. అంతసేపూ ఏం చేశానంటే, పదేళ్ళ నుంచి నా బుర్రలో నడుస్తున్న కథలో అక్క ఇల్లు వదిలి వెళ్ళిపోయే సీన్‌ని ఏడోసారి మార్చా. పెదాలు కూడా కదుపుతానట, ఇంట్లోవాళ్ళు చెప్పారు.

చిన్నప్పుడు అమ్మ "వీడు ఈ లోకంలో ఉండడు" అని నవ్వేసేది. ఇప్పుడు ఆఫీసు మెయిల్‌లో ఒకే లైను నాలుగుసార్లు చదవాల్సొస్తుంటే నాకు నవ్వు రావట్లేదు.

దీనికి పేరుందని తెలిసింది ఈమధ్యే, మాల్‌అడాప్టివ్ డేడ్రీమింగ్ అంటారు, అంటే పనులు దెబ్బతినేంతగా పగటికలల్లో మునిగిపోవడం, ఇజ్రాయెల్‌లో హైఫా యూనివర్సిటీ ప్రొఫెసర్ ఎలీ సోమర్ 2002లో పెట్టిన పేరు, అది కూడా ఆరుగురు పేషెంట్లని చూసి. అటూ ఇటూ తిరగడం, పాట వింటే కథ మొదలైపోవడం, అన్నీ అందులో ఉన్నాయి, చదువుతుంటే ఎవరో మా హాల్లో కెమెరా పెట్టినట్టు అనిపించింది. డాక్టర్లు వాడే డీఎస్‌ఎం-5 పుస్తకంలో మాత్రం ఇది జబ్బుగా లేదు.

మరి ఏడీహెచ్‌డీనా, అదే, ఏకాగ్రత నిలవని, కుదురుగా ఉండలేని సమస్య? ఇక్కడే నేను బాగా తికమకపడ్డా. 2017లో ఇలా కలల్లో మునిగిపోయే 39 మందిని ఇంటర్వ్యూ చేస్తే 77 శాతం మందికి ఏడీహెచ్‌డీ లక్షణాలు సరిపోయాయి, అది చూసి నాకూ అదే అని ఫిక్సయిపోయా. తర్వాత 2022లో తిరగేసి చూశారు, ఏడీహెచ్‌డీ ఉన్న 83 మంది పెద్దవాళ్ళని తీసుకుంటే వాళ్ళలో ఈ కలల సమస్య ఉన్నది దాదాపు ఐదోవంతు మందికే. అంటే ఇటునుంచి చూస్తే ఒక లెక్క, అటునుంచి చూస్తే ఇంకో లెక్క. రెండూ చిన్న స్టడీలే అనుకోండి, కానీ కలల్లో పడి పనిలో ఉండలేనివాడు కూడా పైకి అచ్చం ఏడీహెచ్‌డీ ఉన్నవాడిలాగే కనిపిస్తాడు కదా అన్న అనుమానం సోమర్ వాళ్ళకే వచ్చింది.

డాక్టర్ దగ్గరికెళ్తే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న నాకు నచ్చింది. "పని మీంచి మనసు జారినప్పుడు పదిచోట్లకి పోతుందా, ఒక్కచోటికే పోతుందా?" ఒక్కచోటికే మేడం, గంటలు గంటలు, ఒక్క డైలాగ్ కూడా మర్చిపోను. మన పరధ్యానం అన్న మాటలోనే ఉంది చూడండి, ధ్యానం లేకపోవడం కాదు, వేరేచోట ఉండటం. ఆవిడ మాత్రం తొందరపడలేదు, 12 ఏళ్ళ లోపు కూడా లక్షణాలు ఉంటేనే ఏడీహెచ్‌డీ అంటారు కాబట్టి పాత స్కూల్ రిపోర్టులు ఉంటే తెమ్మంది, రెండు వారాలు కథ ఎప్పుడు మొదలైందో, దానికి ముందు ఏం చేస్తున్నానో టైముతో సహా రాసుకోమంది.

రాస్తున్నా. ఐదు రోజులకే ఒకటి కనిపించింది, ఎవరికో ఫోన్ చేయాల్సి ఉండి వాయిదా వేసిన ప్రతిసారీ హాల్లో నడక మొదలవుతోంది.

ఈ పోస్ట్ మధ్యలో కూడా రెండుసార్లు లేచా. అక్క ఇంకా గుమ్మం దగ్గరే ఉంది.