విశాఖలో యాపిల్ పూయాలంటే ఆకు దూయాలి

విశాఖ పెరట్లో యాపిల్ మొక్క ఏపుగా పెరుగుతుంది, పూత మాత్రం రాదు. ఎండను తప్పుపడతారు గానీ అసలు లోటు చలిది. మామూలు యాపిల్ మొగ్గ విచ్చుకోవాలంటే 7 డిగ్రీల లోపు చలి వందల గంటలు తగలాలి. లంబసింగిలో కొన్ని రాత్రులు చలి అంతదాకా దిగుతుంది. నగరంలో సంక్రాంతి రాత్రి కూడా అక్కడిదాకా దిగదు.

అందుకని రకం దగ్గరే జాగ్రత్తపడాలి. అన్నా (ఇజ్రాయెల్‌ది), డార్సెట్ గోల్డెన్ (బహమాస్‌ది), హిమాచల్ రైతు హరిమన్ శర్మ తీసిన హెచ్‌ఆర్‌ఎమ్‌ఎన్-99, వీటికి తక్కువ చలి చాలు. అన్నా వేస్తే పక్కన డార్సెట్ ఉండాలి, పుప్పొడి అందక పిందె రాలిపోతుంది లేకపోతే.

ఈ రకాలకైనా ఇక్కడి చలి చాలదు. ఇండోనేషియాలో మలాంగ్ పక్కనున్న బతు రైతులు చలికాలమే లేని చోట ఆకు దూసి ఏడాదికి రెండు కాపులు తీస్తారు. మనకూ అదే దారి. అక్టోబర్ నుంచి యూరియా, గెత్తం ఆపండి. డిసెంబర్‌లో రెండు మూడు వారాలు నీళ్లు తగ్గించి, నెలాఖరుకు ప్రతి ఆకూ చేత్తో తీసేయండి. కాడ మొదట్లో ఉన్న మొగ్గ ఊడకూడదు. కొమ్మలను తాడుతో పక్కకు వంచి కట్టి, అప్పుడు నిండా తడి పెట్టండి. రెండు నుంచి నాలుగు వారాల్లో మొగ్గలు ఉబ్బుతాయి. నిటారు కొమ్మను అలాగే వదిలితే కొసనే చిగురిస్తుంది, కిందంతా బోడిగా మిగులుతుంది. మొగ్గ లేపే హైడ్రోజన్ సైనమైడ్ మందు విషం, ఇంటి పెరట్లోకి రానివ్వకండి.

నాటేది జనవరిలో. రెండడుగుల గొయ్యి, చివికిన గెత్తం, అరకిలో వేపపిండి. అంటు కట్టిన చోటు మట్టికి మూడంగుళాలు పైనుండాలి. వేరుమూలం (అంటుకు కింద వేరు ఇచ్చే మొక్క) ఎంఎం-111 రకం దొరికితే అదే తీసుకోండి, నీటి ఎద్దడిని ఓర్చుకుంటుంది. మేడ మీదైతే 200 లీటర్ల డ్రమ్మును సగానికి కోసి వాడొచ్చు. తుఫాను వానలకు పాదులో నీరు నిలిస్తే మొదలు కుళ్లుతుంది, ఎత్తు మట్టికట్ట మీద నాటితే ఆ బాధ ఉండదు. సముద్రం పక్కన బోరు నీరు ఉప్పగా ఉంటే ఆకు అంచులు మాడతాయి.

ఏప్రిల్, మే ఎండకు కాండానికి సున్నం పూయండి, పడమటి వైపు నీడవల కట్టండి. మొదటి ఏడాది పూత తుంచేయండి. తర్వాత గుత్తికి ఒక్క కాయే ఉంచండి.

పూత నుంచి మూడు, మూడున్నర నెలలకు కాయ కోతకొస్తుంది. రాత్రులు వెచ్చగా ఉండటంతో ఎరుపు సరిగ్గా పట్టదు. ఒక కాయ కోసి గింజ చూడండి, గోధుమరంగు తిరిగితే మిగతావీ కోసేయొచ్చు. రంగు కోసం ఆగితే అన్నా కండ పిండిపిండిగా అయిపోతుంది.