క్యాంపుకి సాయానికొస్తున్నారా? ముందు బాత్రూం తలుపు కొలవండి

వైకల్యం ఉన్న పదమూడు, పద్దెనిమిదేళ్ల మధ్య పిల్లకాయలకి ఎండాకాలం సెలవుల్లో నాలుగైదు రోజుల క్యాంపు అనగానే సాయానికి వచ్చే కుర్రాళ్లంతా ఆటల గురించీ పాటల గురించీ అడుగుతారు. బాత్రూం తలుపు వెడల్పెంతని ఎవరూ అడగరు. క్యాంపు చెడేది మాత్రం చాలాసార్లు అక్కడే.

నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల ఇలాంటివాటికి దొరికేది సెలవులకి ఖాళీ అయిన కాలేజీ హాస్టలు. గది తలుపు మూడడుగులున్నా బాత్రూం తలుపు రెండున్నర దాటడం తక్కువ. మామూలు వీల్‌చైర్ బయటి అంచు నుంచి బయటి అంచుకి 62 నుంచి 68 సెంటీమీటర్లు. తెరిచిన తలుపు మందం, గడియ పోగా మిగిలే సందులో చక్రం తిప్పే చేతి వేళ్లు నలుగుతాయి. రెక్కని బందుల దగ్గర ఊడదీసి మందపాటి కర్టెన్ కట్టేస్తే నాలుగైదు సెంటీమీటర్లు కలిసొస్తుంది. అప్పటికీ పట్టకపోతే ఆ బాత్రూం మర్చిపోయి ఇంకోటి చూసుకోండి. లోపల ఇండియన్ లెట్రిన్ ఉంటే దాని మీదకి కమోడ్ కుర్చీ కావాలి. ఇనుప గొట్టాలది, కాళ్లకి రబ్బరు తొడుగులున్నది తేవాలి. పలచటి ప్లాస్టిక్‌ది తడి టైల్స్ మీద కాళ్లు విప్పేస్తుంది.

వరండా మెట్లకి ర్యాంపు లెక్క సులువు. ఎత్తు ఒకటైతే పొడవు పన్నెండు. ఒక్క మెట్టు 15 సెంటీమీటర్లుంటే 1.8 మీటర్ల పలక, మూడు మెట్లయితే 5.4 మీటర్లు. మేస్త్రీలు "అంత పొడవెందుకండీ" అని సగానికి కుదిస్తారు. ఒప్పుకోవద్దు. నిటారుగా ఉన్నదాని మీద పిల్లవాడు తనంతట తాను ఎక్కలేడు, ప్రతిసారీ ఎవరో ఒకరు తొయ్యాలి.

పిల్లలు రావడానికి రెండు వారాల ముందే ఇంటికి ఫోన్ చెయ్యండి. "అన్నం బాగా తింటాడా?" అని అడిగితే ఏ తల్లయినా "తింటాడండీ" అనే అంటుంది. "నిన్న రాత్రి ఏం తిన్నాడమ్మా, ఎంతసేపు పట్టింది, మధ్యలో పొలమారిందా?" అని అడగండి. ఫిట్స్ చివరిసారి ఎప్పుడొచ్చింది, ఎన్ని నిమిషాలుంది, మూత్రానికి గొట్టం పెట్టుకుంటారా, ఎన్ని గంటలకోసారి, వీపున పుండ్లేమైనా ఉన్నాయా? ఇదంతా అడిగాక ఫోన్ పిల్లవాడికిమ్మని, అదే ప్రశ్న వాడినీ అడగండి. రెండు జవాబులూ కలవనిచోట వాడు చెప్పిందే ముందు రాసుకోండి.

ఇక ఎండ. రోళ్లు పగిలే కార్తెలో మన జిల్లాల్లో 42, 43 డిగ్రీలు మామూలే. పడమటి గాలి తిరిగిందంటే నీడలో ఉన్నా ఒళ్లు కాలుతుంది. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకి దెబ్బ తగిలిన చోటుకి కింద చెమట సరిగా పట్టదు. ఫిట్స్‌కి వాడే టోపిరమేట్, జోనిసమైడ్, మూత్రం ఆపుకోవడానికి వాడే ఆక్సిబ్యుటినిన్ కూడా చెమటని తగ్గిస్తాయి. చెమట పట్టని ఒంటిని నీళ్లే చల్లబరచాలి. పూలమొక్కలకి కొట్టే స్ప్రే సీసా మనిషికొకటి పెట్టండి, మెడకి తడి తువ్వాలు చుట్టండి. పొద్దున పదిన్నర నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా బయట కార్యక్రమమేదీ వద్దు.

నీళ్ల దగ్గర ఇంకో చిక్కుంది. బాత్రూంకి ఎవరో ఎత్తుకుని తీసుకెళ్లాలనే మొహమాటంతో చాలామంది పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, నీళ్లు తాగడమే మానేస్తారు. గ్లాసు అందిస్తే "తర్వాత తాగుతా అక్కా" అంటారు. అందుకే తలుపు కొలత అంత ముఖ్యం. గంటకోసారి అందరితోపాటు మీరూ తాగండి, రెండు గంటలకోసారి బాత్రూం బ్రేక్ అందరికీ కలిపి పెట్టండి, అప్పుడు ఎవరూ విడిగా అడగక్కర్లేదు. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద లీటరని రాసుంటే సరిగ్గా లీటరులోనే కలపాలి. గ్లాసులో పోసి చిక్కగా తాగిస్తే ఒంట్లో ఉప్పు పెరిగి చెడే చేస్తుంది. ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతోందా, నీడకి తెచ్చి, ఒళ్లంతా తడిపి, ఫ్యాను కింద పెట్టి 108కి ఫోన్ చెయ్యండి.

ఫిట్స్ వస్తే మనవాళ్లు ఇంకా చేతిలో తాళాలగుత్తి పెడుతున్నారు. ఇనుముతో ఫిట్స్ ఆగదు, దానంతటదే ఆగుతుంది. చేయాల్సింది టైం చూడటం, పక్కకి తిప్పి పడుకోబెట్టడం, తల కింద తువ్వాలు పెట్టడం. నోట్లో ఏదీ పెట్టొద్దు. వీల్‌చైర్‌లో ఉండగా వస్తే కిందికి లాగకండి, బ్రేకులేసి, బెల్టు అలాగే ఉంచి తల పట్టుకోండి. ఐదు నిమిషాలు దాటితే డాక్టరు రాసిచ్చిన ముక్కు స్ప్రే ఉంటే అది కొట్టి, 108.

మెడ దగ్గరో ఛాతీ పైభాగంలోనో వెన్నుపాము దెబ్బతిన్న పిల్లవాడు తల పగిలిపోతోందంటే తలనొప్పి మాత్ర వెతక్కండి, అది బీపీ ఒక్కసారిగా పెరిగిన గుర్తు కావచ్చు. నిటారుగా కూర్చోబెట్టి మూత్రం గొట్టం ఎక్కడైనా మెలిక పడిందేమో చూడండి. చాలాసార్లు ఆ మెలికే కారణం, అది తీస్తే బీపీ దిగుతుంది. దిగకపోతే ఆలస్యం చేయొద్దు, ఆస్పత్రికే.

కుర్చీలోంచి మంచం మీదకి మార్చేటప్పుడు చంకల కింద చేతులేసి లాగడం అందరూ చేసే తప్పు, భుజం జారుతుంది. కుర్చీని మంచానికి కాస్త ఏటవాలుగా ఆనించండి, రెండు బ్రేకులూ వెయ్యండి, పాదాల పలకలు పక్కకి తిప్పండి. మంచమూ సీటూ ఒకే ఎత్తులో ఉంటే రెంటికీ మధ్య ఓ పలక వేసి దాని మీదుగా జరగొచ్చు, ఎత్తే పనే ఉండదు. ముందు "లేపేదా తమ్ముడూ?" అని అడిగి, వాడు సరేనన్నాక, "ఒకటి రెండు మూడు" వాణ్ణే లెక్కపెట్టనివ్వండి. తయారుగా లేని ఒంటిని లేపితే కండరాలు బిగుసుకుంటాయి.

రాత్రి డ్యూటీకి ఎవరూ చేతులెత్తరు. తనంతట తాను పక్కకి తిరగలేని పిల్లని పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి తిప్పాలి, పదకొండు, ఒకటి, మూడు, ఐదు అని కాగితం గోడకంటించి టిక్కు పెట్టాలి. కరెంటు పోతే గాలిపరుపు పంపు ఆగుతుంది, పరుపు అణిగితే వీపు గట్టి మంచానికి తగులుతుంది. ఇన్వర్టర్ పాయింటు ఆ మంచం దగ్గరే ఉండేలా చూడండి. చెవిటి పిల్లలకి కరెంటు పోవడమంటే మాట పోవడమే. టార్చి మీ మొహానికీ చేతులకీ కొట్టుకుంటూ సైగ చెయ్యండి, వాళ్ల కళ్లలోకి కొట్టకండి.

వంటవాళ్లు నెల్లూరు చేపల పులుసు లేకుండా క్యాంపేంటంటారు. వండనివ్వండి, కానీ వంజరం ముక్కలే. ముల్లు తడిమి తీసుకోలేని చేతులూ, మింగడం కష్టమైన గొంతులూ అక్కడుంటాయి. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో ఉండని స్థితి) ఉన్న పిల్లవాడికి పలచటి మజ్జిగకంటే మెత్తగా కలిపిన పెరుగన్నం నయం. గడ్డం కాస్త కిందికి ఉండేలా కూర్చోబెట్టి, చిన్న చెంచాతో, ముందు ముద్ద మింగాకే రెండోది. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. స్పైనా బైఫిడా (పుట్టుకతోనే వెన్నెముక పూర్తిగా మూసుకోకపోవడం) ఉన్నవాళ్లుంటే బెలూన్లు కట్టొద్దు, రబ్బరు గ్లోవ్స్ వాడొద్దు. లేటెక్స్ అంటే వాటిలోని రబ్బరు, దాని ఎలర్జీ వాళ్లలో ఎక్కువ.

అందరూ ఎదురుచూసేది సముద్రం. మైపాడుగానీ కొత్తపట్నంగానీ, తెల్లారి ఐదున్నరకి చేరి ఏడున్నరకల్లా తిరిగి బండెక్కాలి. పిల్లలు బస్సు సీట్లలో, కుర్చీలు టాటా ఏస్‌లో. కుర్చీలో కూర్చోబెట్టి గూడ్స్ బండెక్కించడం ఎప్పటికీ వద్దు. ఇసకలో ముందుచక్రాలు దిగబడతాయి, కాబట్టి ముందుకి తొయ్యకుండా వెనక్కి వాల్చి వెనక్కే లాగండి. ఇంకా మంచిది 12 ఎంఎం ప్లైవుడ్. ఎనిమిది బై నాలుగు షీట్లు రెండు తెచ్చి నాలుగడుగుల చదరాలుగా కోయించండి. రెండడుగుల పట్టీలుగా కోయిస్తే చక్రాలు అంచు దిగిపోతాయి. కుర్చీ దాటిన పలకని వెనక నుంచి తీసి ముందు వేస్తూ పోతే నాలుగు పలకలతోనే నీళ్ల దాకా దారి పడుతుంది. కుర్చీని నీళ్లలోకి దింపకండి. తడవాలనుకున్నవాళ్లని కుర్చీలోంచి దింపి, అల వచ్చి వెనక్కిపోయే చోట తడి ఇసక మీద కూర్చోబెట్టండి, మనిషికిద్దరు పక్కనుండాలి.

తిరిగొచ్చాక టిఫినుకంటే ముందు కుర్చీల ముందుచక్రాల మీద మంచినీళ్లు పోసి, ఇరుసుకి చుట్టుకున్న వెంట్రుకలూ ఇసకా పుల్లతో తీసి, తుడిచి, చుక్క నూనె వెయ్యండి. రేపు చూద్దామని వదిలేస్తే ఆ ఉప్పుకి బేరింగులు పట్టేస్తాయి.