దువ్వెనా, కాగితమూ, ఆ రెండు మిల్లీమీటర్లూ

మొన్న ఆదివారం మా పాప దువ్వెనతో తల బరబరా దువ్వుకుని చింపిన కాగితం ముక్కల మీద పెట్టింది, ఒక్కటీ కదల్లేదు. నెల్లూరులో నవంబరు కదా, పొద్దుటి నుంచీ ముసురు, ఉతికిన బట్టలు రెండు రోజులైనా ఆరట్లేదు, దానికి తోడు తలనిండా కొబ్బరినూనె. గాలిలో తేమ ఎక్కువైతే వస్తువుల మీద కంటికి కనపడని నీటి పొర చేరుతుంది, రుద్దితే వచ్చిన విద్యుత్ ఆవేశం (ఛార్జి) ఆ పొర వెంట జారిపోతుంది. నేను చదువుకున్న రోజుల్లో కనిగిరిలో ఈ బాధ లేదు. ఫిబ్రవరి మధ్యాహ్నాలు పాలిస్టర్ చొక్కా విప్పితే చాలు, చిటపటమనేది.

మర్నాడు తలస్నానం చేసి జుట్టు బాగా ఆరాక ఏసీ గదిలో మళ్ళీ చేశాం. ఏసీ గాలిలో తేమని లాగేస్తుంది. ఈసారి ముక్కలు ఎగిరి దువ్వెనకి అతుక్కున్నాయి. పాప కాసేపు సంబరపడి, తర్వాత అడిగింది. "నాన్నా, ప్లస్సూ మైనస్సూ అయితేనే కదా లాక్కునేది? కాగితాన్ని మనం రుద్దలేదుగా, దానికి ఛార్జి ఎక్కడిది?"

ఎంత మంచి ప్రశ్నో! నేను పదో తరగతిలో "సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయి, విజాతి ఆవేశాలు ఆకర్షించుకుంటాయి" అని వల్లెవేశాను గానీ ఈ అనుమానం నాకు ఒక్కరోజూ రాలేదు. ఆ రెండు వాక్యాలతో కాగితం సంగతి తేలదు, దూరం లెక్కలోకి రావాలి.

జుట్టు నుంచి మైనస్ ఆవేశమున్న ఎలక్ట్రాన్లని లాక్కుని దువ్వెన మైనస్ అవుతుంది. కాగితంలో ప్లస్సూ మైనస్సూ సమానంగానే ఉంటాయి, కానీ దువ్వెన దగ్గరికొస్తే దానిలోని మైనస్ కొంచెం అవతలి అంచుకి జరుగుతుంది, ఇవతలి అంచున ప్లస్ మిగులుతుంది. దువ్వెన ఆ ప్లస్‌ని లాగుతుంది, మైనస్‌ని నెడుతుంది. ఆవేశాలు సమానమే కాబట్టి రెండూ సరిపోవాలి కదా అనిపిస్తుంది. సరిపోవు. 1785లో ఫ్రాన్సులో కూలుంబ్ అనే ఇంజినీరు సన్నటి తీగకి కడ్డీ వేలాడదీసి, ఆవేశాల మధ్య బలానికి ఆ తీగ ఎంత మెలి తిరిగిందో కొలిచి చూపించాడు: దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతుకి పడిపోతుంది.

ఇప్పుడు దువ్వెన ఆవేశమంతా ఒకే చోట ఉందనుకుని ఉజ్జాయింపుగా లెక్కేద్దాం. కాగితం ఇవతలి అంచు 10 మిల్లీమీటర్ల దూరంలో, అవతలి అంచు 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే, లాగే బలం నెట్టే బలానికి 1.44 రెట్లు. గెలిచేది లాగుడే. అదే దువ్వెనని 100 మిల్లీమీటర్ల ఎత్తున పెడితే 1.04 రెట్లే, పైగా లాగే బలం వందో వంతుకి, నెట్టే బలం దాదాపు డెబ్బై రెండో వంతుకి తగ్గిపోతాయి, అందుకే అంత దూరం నుంచి ముక్క చలించదు. నాకు ఇది ఇప్పటికీ ఒళ్ళు పులకరించే విషయం, రెండు మిల్లీమీటర్ల తేడా మీద కాగితం గాల్లోకి లేస్తోంది!

గూడూరు, సైదాపురం వైపు గనుల్లో తీసే అభ్రకం (మైకా) పాత రేడియోల కెపాసిటర్లలో, అంటే ఆవేశాన్ని నిలవ ఉంచే భాగాల్లో, చేసే పని కూడా ఇలాంటిదే. ఆవేశాన్ని తనలోంచి పోనివ్వదు, కానీ దాని లోపలి ప్లస్ మైనస్‌లు పిసరంత పక్కకి జరుగుతాయి, దాంతో కెపాసిటర్ ఎక్కువ ఆవేశం పట్టుకోగలుగుతుంది.

పాప ఇంకోటి కనిపెట్టింది, నేను చెప్పకుండానే. అతుక్కున్న ముక్కల్లో కొన్ని క్షణం ఆగి విసిరేసినట్టు ఎగిరిపోతున్నాయి. దువ్వెనని తాకి దాని మైనస్ కొంత తామూ తీసుకున్నాయి కాబట్టి ఇప్పుడు రెండూ ఒకే జాతి. అందుకే ఆ నెట్టుడు.

సంక్రాంతికి కనిగిరి వెళ్తున్నాం, అక్కడ ఏసీ లేకుండా ఎంత ఎత్తు నుంచి లేస్తాయో స్కేలు పెట్టి కొలుస్తానంటోంది. మీరూ చేసేట్టయితే నూనె లేని తల చూసుకోండి, ముక్కలు బాగా చిన్నగా చింపండి.