సంక్రాంతి మొహానికి దసరా వెళ్లగానే మొదలెట్టాలి

రెండేళ్ల కింద భోగి ముందురోజు అమలాపురంలో బస్సు దిగేసరికి నా గడ్డం మీద నాలుగు మొటిమలు, ఎర్రగా, ముట్టుకుంటే సలుపుతూ. గుమ్మంలో అడుగు పెట్టానో లేదో అమ్మమ్మ "మొహం ఏంటే అలా అయిపోయింది, హైదరాబాద్ నీళ్లు పడట్లేదా" అంది. నీళ్ల తప్పేం లేదు. పండక్కి మెరిసిపోదామని రెండ్రోజుల ముందు చేయించుకున్న ఫేషియల్ పుణ్యం అది. గరుకు స్క్రబ్బు రుద్ది, ఆవిరి పట్టి, ఏదో జిడ్డు క్రీముతో అరగంట మర్దనా చేస్తే మొటిమల మొహం ఊరుకుంటుందా?

తెల్లారితే భోగి. తల నిండా కొబ్బరి నూనె, అది నుదుటి మీదకి కారుతుంటే దాని మీదే నలుగుపిండి. పిండి బరక, అమ్మమ్మ చెయ్యి అంతకంటే బరక. ఇప్పుడైతే వీపూ చేతులూ ఆవిడకి అప్పగించేసి, "మొహం నేను కడుక్కుంటా అమ్మమ్మా" అని తప్పించుకుంటున్నా. నూనె కూడా తలస్నానానికి గంట ముందే, అదీ జుట్టు చివర్లకే.

ఆ పండగయ్యాక కాకినాడలో స్కిన్ డాక్టర్ దగ్గరికెళ్తే తెలిసిన సంగతేంటంటే, మొటిమ పైకి కనబడేసరికే కొన్ని వారాల కిందట లోపల రంధ్రం మూసుకుపోయి ఉంటుందట. అందుకే ఆవిడ రాసిచ్చిన అడాపలీన్ 0.1 శాతం జెల్ పూర్తిగా పని చెయ్యడానికి దాదాపు 12 వారాలు పట్టింది. రాత్రిపూట, బఠానీ గింజంత, మొహమంతటికీ. మొదట్లో పొట్టు లేస్తుంది, మొటిమలు ఇంకాస్త ఎక్కువైనట్టు కూడా ఉంటాయి, భయపడి ఆపెయ్యకండి. ఆ పొట్టేదో కార్తీకంలో లేచిపోతే నయం కదా, భోగిమంట ముందు లేచే కన్నా. గర్భిణులు మాత్రం దీని జోలికెళ్లకూడదు.

మొటిమలకి రాసే ఇంకో మందు బెంజాయిల్ పెరాక్సైడ్ అయితే 2.5 శాతం చాలు, ఎక్కువ శాతమైతే మంటే ఎక్కువ. దీంతో ఇంకో తంటా ఉంది, బట్టల రంగు తినేస్తుంది. పిన్ని పెట్టిన వంకాయరంగు పట్టుచీర భుజం దగ్గర రూపాయి బిళ్లంత నారింజ మచ్చ పడింది నాకు. మరకనుకుని ఉతికి ఉతికి చచ్చా, రంగే పోయాక ఉతికితే ఏం వస్తుంది! తెల్ల తువ్వాలు, తెల్ల గలీబు వాడండి.

మందుల షాపులో అడిగి తెచ్చుకునే తెల్లబడే క్రీములు మాత్రం వద్దు. చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. మా మావయ్య కూతురికి వారం నిగనిగలాడింది, ఆపగానే బుగ్గలు కందిపోయి మొటిమలు గుంపులుగా లేచాయి.

తిండి సంగతంటారా, తీపీ పాలూ ఎక్కువైతే కొందరికి మొటిమలు పెరుగుతాయి. నేను అరిసెలు తగ్గించా. ఆత్రేయపురం పూతరేకు మానమంటే మాత్రం నా వల్ల కాదు.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో ఎండా దుమ్మూ చెమటా తప్పవు కాబట్టి సన్‌స్క్రీన్ రాసుకునే వెళ్తా, ఇంటికొచ్చాక ఎంత నిద్రొస్తున్నా మేకప్ తీసే పడుకుంటా. ఈసారీ ఆ వంకాయరంగు చీరే, భుజం మీద మచ్చకి అడ్డంగా పెద్ద బ్రోచ్ పెట్టి. పిన్నికి ఇంకా చెప్పలేదు.