మబ్బు పట్టిన రాత్రుల క్విజ్: ప్రశ్నలు తయారు చేసిన నా అనుభవం

మేమంతా ఆకాశం చూసే పిచ్చి ఉన్నవాళ్ళం. ఎవరికీ ఇది ఉద్యోగం కాదు. తలో చోట ఉంటాం. సొంత టెలిస్కోప్ ఉన్నవాళ్ళు కొందరు, బైనాక్యులర్స్‌తో సరిపెట్టుకునేవాళ్ళు కొందరు, మేడ మీద వెల్లకిలా పడుకుని ఉత్త కళ్ళతో చూసేవాళ్ళు ఇంకొందరు. మబ్బు పట్టి ఏమీ కనిపించని వారాంతాల్లో ఆన్‌లైన్‌లో కలిసి క్విజ్ ఆడుకుంటాం. బహుమతులేమీ ఉండవు. గెలిచిన జట్టులోంచి ఒకరు వచ్చేసారి క్విజ్ మాస్టర్‌గా కూర్చోవాలి, అంతే. అలా ఆ వంతు నాకు వచ్చింది.

జవాబు చెప్పడం ఒక ఎత్తు, ప్రశ్న తయారు చేయడం ఇంకో ఎత్తు. ముందుగా తేల్చుకోవాల్సింది ఎలాంటి ప్రశ్నలు వద్దు అన్నది. ప్లూటోని ఏ సంవత్సరంలో కనుగొన్నారు అని అడిగితే 1930 అని తెలిసినవాళ్ళు చెప్తారు, తెలియనివాళ్ళు ఊరుకుంటారు. అక్కడితో ఆ ప్రశ్న అయిపోయింది. ఎవరికీ కాస్త ఆలోచించే పని కూడా పడలేదు. పైగా అందరి చేతుల్లోనూ ఫోన్లు ఉంటాయి. మా వాళ్ళు దొంగచాటుగా వెతుకుతారని కాదు, వాళ్ళ మీద నాకు పూర్తి నమ్మకం. కానీ ఒక్క క్షణంలో వెతికి చెప్పేయగలిగే ప్రశ్నకి ఆటలో చోటు ఎందుకివ్వాలి?

క్విజ్ ఆడేవాళ్ళు 'వర్కవుట్ అయ్యే ప్రశ్న' అంటుంటారు. జవాబు నేరుగా తెలియకపోయినా, తెలిసిన రెండు మూడు సంగతులు కలుపుకుని అక్కడికి చేరగలిగే ప్రశ్న. నాకు అలాంటివే కావాలి. జవాబు తెలిశాక 'అయ్యో, ఇది మనకి వచ్చి ఉండాల్సింది' అనిపించాలి. 'ఇది ఎవరికి తెలుస్తుంది' అనిపించకూడదు. క్విజ్ మాస్టర్ తన తెలివి చూపించుకోవడానికి పెట్టే ప్రశ్నల మీద నాకు మొదటినుంచీ ఇష్టం లేదు. మెలిక ప్రశ్నలూ అంతే. 'అన్నిటికన్నా ప్రకాశవంతంగా కనిపించే నక్షత్రం ఏది' అని అడిగి, ఎవరైనా సిరియస్ అనగానే 'కాదు, సూర్యుడు' అనడంలో ఏముంది? చెప్పినవాళ్ళకి ఆకాశం తెలుసు కాబట్టే సిరియస్ అన్నారు.

ఒక ప్రశ్న ఎలా మారుతూ వచ్చిందో చెప్తాను. ఆకాశంలో మసకగా కనిపించేవాటి పట్టిక ఒకటుంది, మెస్సియే జాబితా అంటారు. దాని మీద ఒకటి పెట్టాలనుకున్నాను. మొదట రాసుకున్నది: 'మెస్సియే జాబితాలో మొత్తం ఎన్ని ఉన్నాయి?' జవాబు 110. కానీ అందులో 102వది, అంటే ఎం102, అసలు వేరే వస్తువా, ఎం101నే పొరపాటున రెండోసారి రాశారా అన్న వాదన ఉంది. ఎవరైనా 109 అంటే ఏం చెప్తాం? పైగా అది ఉత్త జ్ఞాపకశక్తి పరీక్ష. పక్కన పెట్టేశాను. రెండోసారి 1774లో అచ్చయిన మొదటి జాబితాలోని 45 వస్తువుల గురించి అడుగుదామనుకున్నాను. అదీ అంకెల గోలే. చివరికి ఇలా వచ్చింది: 'ఈ ఫ్రెంచి ఆయన జీవితమంతా తోకచుక్కల కోసం వెతికాడు. మసక మసకగా కనిపించి తోకచుక్కలేమో అని భ్రమ పెట్టేవాటికి ఒక పట్టిక రాసిపెట్టాడు, మళ్ళీ వాటి దగ్గర సమయం వృథా కాకూడదని. ఈరోజు మనం ఆయన్ని తలుచుకునేది ఆ అక్కర్లేనివాటి పట్టిక వల్లే. ఎవరాయన?' మా గుంపుకి ఇది సిట్టర్, అంటే కూర్చున్నచోటే చెప్పేయగలిగేది. అందుకే మొట్టమొదటి ప్రశ్నగా పెట్టాను. మొదటి ప్రశ్నకే అన్ని జట్లకీ మార్కులు పడితే ఆ తర్వాత ఆట ఊపందుకుంటుంది. కొత్తగా చేరినవాళ్ళు బిగుసుకుని కూర్చోకుండా ఉంటారు.

సరిచూసుకోవడానికి పట్టినంత సమయం ఇంకే పనికీ పట్టలేదు. ఒకే వాక్యం పదిచోట్ల కనిపిస్తే పది ఆధారాలు దొరికినట్టు కాదు. ఒకరిని చూసి ఇంకొకరు రాసుకున్నవే ఎక్కువ. అందుకని ప్రతి ప్రశ్నకీ ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఆధారాలు దొరికితేనే ఉంచాను. మారిపోయే సంఖ్యల జోలికి అసలు పోలేదు. శనికి ఎన్ని ఉపగ్రహాలు అన్నదానికి పాత పుస్తకాల్లో ఒక లెక్క, 2023లో ఇంకో లెక్క. 2025 మార్చిలో ఒక్కసారిగా 128 కొత్తవి చేర్చేసరికి అది 274కి చేరింది. పుస్తకం చూసి చదువుకున్నవాళ్ళకి అన్యాయం జరిగే ప్రశ్న అది.

ఇలా సరిచూస్తున్నప్పుడే నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రశ్న దొరికింది. 'ఏ గ్రహం మీద రోజు సంవత్సరం కంటే పెద్దది' అన్నది క్విజ్‌లలో బాగా నలిగిన ప్రశ్న. శుక్రుడు అని అందరూ చెప్పేస్తారు. శుక్రుడు తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి మన లెక్కలో 243 రోజులు పడుతుంది, సూర్యుడి చుట్టూ తిరగడానికి సుమారు 225 రోజులు. సరిపోయింది కదా అనిపిస్తుంది. కానీ మనం మామూలుగా రోజు అనేది దేన్ని? సూర్యుడు పొడిచినప్పటినుంచి మళ్ళీ పొడిచేదాకా. శుక్రుడు సూర్యుడి చుట్టూ తిరిగే దిక్కుకి ఎదురు దిక్కులో తన చుట్టూ తాను తిరుగుతాడు కాబట్టి అక్కడ మళ్ళీ సూర్యుడు కనబడటానికి 117 రోజులే పడుతుంది. ఆ లెక్కన శుక్రుడి రోజు సంవత్సరం కంటే చిన్నదే. ఇక బుధుడిని చూడండి. తన చుట్టూ తాను తిరగడానికి దాదాపు 59 రోజులు, సంవత్సరం 88 రోజులు. కానీ సూర్యోదయం నుంచి సూర్యోదయానికి 176 రోజులు, అంటే సరిగ్గా రెండు బుధ సంవత్సరాలు! ఒకే ప్రశ్న, రోజుని ఒకలా కొలిస్తే శుక్రుడు, ఇంకోలా కొలిస్తే బుధుడు.

ఇది తెలిశాక ఎవరైనా ఆ ప్రశ్నని పక్కన పెట్టేస్తారు. నాకు మాత్రం వదలబుద్ధి కాలేదు. గొడవ ఎక్కడుందో దాన్నే ప్రశ్నగా మార్చాను: 'ఒక గ్రహం, నక్షత్రాలతో పోల్చి చూస్తే, తన చుట్టూ తాను తిరగడానికి తన సంవత్సరం కంటే ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఇంకో గ్రహం మీద ఒక సూర్యోదయానికీ తరువాతి సూర్యోదయానికీ మధ్య రెండు సంవత్సరాలు గడిచిపోతాయి. రెండూ చెప్పండి.' ఒకటే చెప్తే సగం మార్కులు.

ప్రశ్నలన్నీ రాశాక ఖగోళం అంటే ఆసక్తి లేని ఒక స్నేహితురాలికి ఫోన్ చేసి పైకి చదివి వినిపించాను. జవాబుల కోసం కాదు, వాక్యం అర్థమవుతోందా లేదా చూడటానికి. క్విజ్‌లో ప్రశ్నని చెవితో వింటారు. కాగితం మీద బాగున్న పొడుగాటి వాక్యం చెవికి ఎక్కదు. తను ఎక్కడ 'అంటే?' అందో అక్కడల్లా రెండు ముక్కలు చేశాను. ఎవరు క్విజ్ మాస్టర్‌గా కూర్చున్నా ఈ పని మాత్రం చేసి తీరాలి.

ఆడే పద్ధతి దగ్గర ఒక చిక్కు ఉంది. వీడియో కాల్‌లో నా మాట అందరికీ ఒకే క్షణంలో చేరదు. నెట్ బాగున్నవాళ్ళకి ముందు, లేనివాళ్ళకి వెనక. కాబట్టి 'ఎవరు ముందు చెప్తే వాళ్ళకే' అన్న పద్ధతి పెడితే గెలిచేది నెట్ కనెక్షనే. మేము పౌన్స్ పద్ధతి ఆడతాం. ప్రశ్న ఒక జట్టు వంతు. అయినా జవాబు గట్టిగా తెలుసనుకున్న మిగతా జట్లు 'పౌన్స్' అని రాసి జవాబు నాకు విడిగా మెసేజ్ పంపొచ్చు. ఒప్పయితే పూర్తి మార్కులు, తప్పయితే కోత. పౌన్స్‌ల గడువు అయిపోయాక వంతు ఉన్న జట్టు పైకి చెప్తుంది, వాళ్ళకి రాకపోతే పౌన్స్ చేయని తరువాతి జట్టుకి వెళ్తుంది. ఇందులో వేగం కంటే ధైర్యానికి విలువ ఎక్కువ. అందుకే నాకు ఇష్టం.

ఆ రాత్రి అందరూ చేరాక మెస్సియేతో మొదలుపెట్టాను. అనుకున్నట్టే వంతు లేని జట్లన్నీ పౌన్స్ చేశాయి. బొమ్మల రౌండ్ కూడా చకచకా అయిపోయింది. తరువాత తెర మీద మూడు అంకెలు పెట్టాను: 92, 93, 94. 'ఇవి ఇదే వరుసలో ఉన్నాయి. ఆకాశంలో వీటికి పేర్లిచ్చినవాళ్ళు ఎవరు?'

ఈ ప్రశ్నకి ఒక్క పౌన్స్ కూడా రాలేదు. వంతు ఉన్న జట్టులో పదో తరగతి చదివే అమ్మాయి ఉంది, గుంపులో అందరికన్నా చిన్నది. వాళ్ళ జట్టు మైకు ఆన్‌లోనే ఉంది కాబట్టి వాళ్ళ ఆలోచన మాకు వినబడుతూనే ఉంది. పెద్దవాళ్ళు మెస్సియే నంబర్ల వైపు వెళ్ళారు. ఎం92 నక్షత్రాల గోళాకార గుచ్ఛం, ఎం94 ఒక గెలాక్సీ, మరి వీటికి పేర్లివ్వడమేమిటి అని తర్జనభర్జన. అప్పుడు ఆ అమ్మాయి, 'ఒక్క నిమిషం అంకుల్, యురేనియం 92 కదా' అంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. 'అయితే యురేనస్... తర్వాతది నెప్ట్యూన్... అక్కా, ప్లూటో! ప్లూటోనియం!' అని అరిచింది. మిగతా జట్లవాళ్ళు కూడా మైకులు ఆన్ చేసి మరీ చప్పట్లు కొట్టారు.

జవాబు చెప్పాక వెనక ఉన్న కథ చెప్పాలి. క్విజ్ వాళ్ళ మాటలో దాన్ని ఫండా అంటారు. ఆ మూడు అంకెలూ మూలకాల పరమాణు సంఖ్యలు. 1781లో హెర్షెల్ యురేనస్‌ని కనుగొన్నాడు. 1789లో క్లాప్రోత్ తనకి దొరికిన కొత్త మూలకానికి ఆ గ్రహం పేరు పెట్టాడు. యురేనియం తరువాతి మూలకాలు తయారైనప్పుడు గ్రహాల వరుసలోనే పేర్లు పెట్టుకుంటూ పోయారు. 2006లో ప్లూటోని గ్రహాల జాబితాలోంచి తీసేసినా మూలకాల పట్టికలో 94వ గడిలో దాని పేరు చెక్కుచెదరలేదు. ఫండాకి సమయం వృథా అని తొందరపడే క్విజ్ మాస్టర్లు ఉంటారు. నా మటుకు నాకు మార్కుల కంటే అదే ముఖ్యం.

శుక్రుడు-బుధుడు ప్రశ్నకి రెండు పౌన్స్‌లు వచ్చాయి. ఒక జట్టు రెండూ రాసింది, ఒక జట్టు శుక్రుడితో ఆగిపోయింది. అక్కడ కొంచెం టెన్షన్ పుట్టింది. పౌన్స్‌లో సగం జవాబుకి మార్కులివ్వాలా, కోత వెయ్యాలా? మాలో పెద్దాయన ఉన్నారు, అందరం మాస్టారూ అంటాం. సగం చెప్పింది ఆయన జట్టే. 'సగం మార్కులు ఉంటాయని ప్రశ్నలోనే చెప్పావు కదమ్మా, ఆ మాట పౌన్స్‌కి కూడా వర్తించాలి' అన్నారు. న్యాయమే అనిపించి సగం ఇచ్చాను, ఎందుకిచ్చానో అందరికీ చెప్పాను. క్విజ్ మాస్టర్ మాటే చివరి మాట అని నియమం ఉన్నా కారణం చెప్పకుండా ఆ మాట వాడకూడదు. స్నేహితుల మధ్య ఆటలో ఇది ఇంకా ముఖ్యం.

చివరికి రెండు జట్లు సమానంగా నిలిచాయి. టైబ్రేకర్ ముందే సిద్ధంగా ఉంది: 1969 నుంచి 1972 దాకా చంద్రుడి మీద దిగిన ఆరు అపోలో యాత్రలు కలిపి ఎన్ని కిలోల రాళ్ళూ మట్టీ తెచ్చాయి? జవాబు 382. దగ్గరగా చెప్పినవాళ్ళది గెలుపు. అంచనా ప్రశ్నలో ఉన్న మేలు ఏమిటంటే, ఎవరికీ తెలియకపోయినా ఎవరో ఒకరు గెలుస్తారు. ఆ అమ్మాయి ఉన్న జట్టు 400 అంది, రెండో జట్టు 150 అంది.

ఆట అయిపోయినా ఎవరూ వెళ్ళలేదు. నెప్ట్యూన్ మీద పెట్టిన ప్రశ్న అందరినీ పట్టుకుంది: '1612 డిసెంబరు 28న గురుడిని చూసి గీసుకుంటూ గెలీలియో పక్కనున్న ఒక చుక్కని కూడా గుర్తు పెట్టాడు, నక్షత్రమనుకుని. సుమారు 234 ఏళ్ళ తరువాత దాన్ని గ్రహంగా కనుగొన్నారు. ఏది అది?' 1846 అని గుర్తున్నవాళ్ళు కూడిక చేసి పట్టేశారు. ఒకాయన ఏ తేదీన ఆకాశం ఎలా ఉంటుందో చూపించే స్టెల్లేరియం అనే సాఫ్ట్‌వేర్ తెరిచి, తేదీని 1612కి వెనక్కి తిప్పి తెర పంచారు. నిజంగానే గురుడి పక్కన నెప్ట్యూన్ ఉంది. మాస్టారు 1613 జనవరి 28కి జరపమన్నారు. ఆ రాత్రి కూడా గెలీలియో దాన్ని చూశాడు. అంతేకాదు, కిందటి రాత్రి ఆ చుక్కకీ పక్కనున్న ఒక నక్షత్రానికీ మధ్య ఎడం ఇంకా ఎక్కువున్నట్టు అనిపించిందని రాసుకున్నాడు. కదలికని గమనించి కూడా ఎందుకు వదిలేశాడన్నది ప్రశ్న. గురుడు ముందుకు కదిలిపోయాక ఆ చుక్కని మళ్ళీ పట్టుకోవడం కష్టమని ఒకరు, ఆయన ధ్యాసంతా గురుడి ఉపగ్రహాల మీదే ఉందని మాస్టారు. అది క్విజ్ కంటే ఎక్కువసేపు నడిచింది, ఇంకా తేలలేదు.