ఎఫ్8బి నుంచి జడ్12ఇ దాకా: నా ఇంజిన్ కోడ్ల నోటుబుక్కు

జూన్ మొదటి వారం

మా నాన్న 2006లో కొన్న మారుతి 800 ఇంకా మా ఇంటి ముందే ఉంది. ఏపీ 03 నెంబరు, నాలుగు గేర్లు. ట్యాపెట్ కవర్ (ఇంజిను పైమూత) అంచున ఆయిల్ చెమ్మ పట్టి కిందికి జారుతోంది. ఆదివారం పూట ప్యాకింగ్ (మూత అంచున ఆయిల్ కారకుండా వేసే సీలు) నేనే మారుద్దామని తిరుపతిలో రేణిగుంట రోడ్డులో ఒక స్పేర్ పార్ట్స్ షాపుకి పోయి "మారుతి 800, 2006 మోడల్" అన్నాను.

"కార్బొరేటరా, ఎంపీఎఫ్ఐనా?" అని అడిగాడు. పెట్రోలుని ఇంజెక్టర్లతో చిమ్మే పద్ధతి ఎంపీఎఫ్ఐ, అంతకు ముందుది కార్బొరేటరు. ఎంపీఎఫ్ఐ అన్నాను. "అయితే ఆల్టోదే పడతాదన్నా" అని ప్యాకెట్ చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చి కవర్ బోల్టులు విప్పి, పాత ప్యాకింగ్ ముక్కలు గీకి, కొత్తది పెట్టి చూస్తే గాడిలో కూర్చోలేదు. పొడవులో పెద్దగా తేడా లేదు, వెడల్పు మాత్రం వేలెడు ఎక్కువ. మేం ఎప్పుడూ బండి ఇచ్చే మెకానిక్ అన్న కరకంబాడి రోడ్డులో ఉంటాడు. పాతదీ కొత్తదీ రెండూ పట్టుకుని ఆయన దగ్గరికి పోయాను. చేతిలోకి కూడా తీసుకోలేదు. "నీది ఆరు వాల్వుల ఇంజిను. నువ్వు తెచ్చింది పన్నెండు వాల్వులది. ఏడాది చెప్తే ఎట్లా? ఆర్‌సీలో ఇంజిన్ నెంబరు చెప్పాల" అన్నాడు.

ఆర్‌సీ తీసి చూశాను. ఇంజిన్ నెంబరు ముందు ఎఫ్8బిఐఎన్ అని ఉంది. షెడ్డులోనే నిలబెట్టిన ఒక ఆల్టో ఆర్‌సీ చూపించాడు, దానిది ఎఫ్8డిఎన్. బి, డి. ఆ ఒక్క అక్షరం తెలియక డబ్బూ పోయింది, ఆదివారమూ పోయింది. ఆ రాత్రే కొత్త నోటుబుక్కు తెరిచాను.

జూన్ మూడో వారం

సుజుకి పద్ధతి చదవడానికి సులువు. మొదటి అక్షరం ఇంజిన్ కుటుంబం, తర్వాతి అంకె లీటర్లలో పదో వంతుల లెక్క, చివరి అక్షరం ఆ కుటుంబంలో రకం. ఎఫ్8బి అంటే ఎఫ్ కుటుంబం, 0.8 లీటరు, బి రకం.

నాకు బాగా నచ్చింది మాత్రం బోరు (సిలిండర్ లోపలి వెడల్పు), స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) కొలతలతో కోడ్‌ని సరిచూడటం. మీ దగ్గర కాల్‌క్యులేటర్ ఉంటే చేసి చూడండి. బోరుని బోరుతో గుణించి, స్ట్రోకుతో, 0.7854తో, సిలిండర్ల సంఖ్యతో గుణించాలి. మిల్లీమీటర్లలో చేస్తే వచ్చినదాన్ని 1000తో భాగించాలి, సీసీ వస్తుంది. ఎఫ్8బికి బోరు 68.5, స్ట్రోకు 72, సిలిండర్లు మూడు: 796. అవే కొలతలకి నాలుగో సిలిండర్ కలిపితే 1061. అదే పాత వ్యాగన్ ఆర్‌లో ఉన్న ఎఫ్10డి! అంటే మా 800 ఇంజినుకే ఇంకో సిలిండర్ చేరిస్తే వ్యాగన్ ఆర్ ఇంజిను అయింది. ఇది లెక్కలో తేలినప్పుడు రాత్రి పదకొండైంది, నిద్ర ఎగిరిపోయింది.

1061 అంటే 11 అని రాయాలి కదా అనిపించింది, కానీ వాళ్లు 10 అనే పెట్టారు. జిప్సీ మొదటి ఇంజిను ఎఫ్10ఎ 970 సీసీ. దాన్నీ 10 అనే అన్నారు. కాబట్టి అంకె దగ్గరి లెక్కే. కచ్చితమైన సీసీ కావాలంటే ఆర్‌సీనే చూడాలి.

మా బండి విషయానికొస్తే, 800లో ఎఫ్8బి కార్బొరేటరుతో మొదలైంది. తర్వాత ఎంపీఎఫ్ఐ వచ్చింది, అయినా కోడ్ ఎఫ్8బిగానే ఉండిపోయింది. మధ్యలో అయిదు గేర్ల 800 ఎఫ్8డితో వచ్చింది, అది పన్నెండు వాల్వులది. ఎంపీఎఫ్ఐ అంటే ఎఫ్8డి అన్న షాపువాడి లెక్క అక్కడే తప్పుతుంది. ఓమ్నీలోనూ ఎఫ్8బినే. పెట్రోలు ఇంజినులోకి పోయే దారి మారినా హెడ్డు (వాల్వులుండే పైభాగం) మారలేదు, అందుకే అక్షరమూ మారలేదని నేను అర్థం చేసుకున్నాను.

జులై

కోడ్‌ని కాగితం మీదే కాదు, ఇంజిను బ్లాకు మీద కూడా చూడాలి, ఇంజిను మార్చిన బళ్లు చాలా ఉంటాయి. నేను చేసే పద్ధతి ఇది. ఇంజిను పూర్తిగా చల్లారాక డీజిల్‌లో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో నెంబరు ఉన్న చదునైన చోట రుద్దుతాను. వైర్ బ్రష్ వద్దు, అంకెల అంచులు అరిగిపోతాయి. గుడ్డతో తుడిచి ఆరనిచ్చి, సుద్దముక్క పొడి వేలితో పులిమి పైపైన తుడిచేస్తే గాట్లలో తెలుపు నిలుస్తుంది. టార్చి ఎదురుగా పట్టకూడదు, పక్క నుంచి వాలుగా వేస్తే ఒక్కో అక్షరం లేచి నిలబడుతుంది. మొదటిసారి మా బండి మీద నల్లటి మట్టి కింద నుంచి "ఎఫ్", పక్కన "8" బయటపడుతుంటే ఇరవై ఏళ్లుగా ఎక్కి తిరిగిన బండి పేరు అప్పుడే తెలిసినట్టనిపించింది.

తర్వాత పెన్సిల్ ప్రింట్. ఆర్టీఓ ఆఫీసు పనులకి తీసేదే: పల్చటి కాగితం పెట్టి మెత్తటి పెన్సిల్‌తో అడ్డంగా రుద్దడం. చెయ్యి పట్టని చోట నెంబరు మీదే పెన్సిల్ రుద్ది, సెల్లోటేపు అంటించి లాగి నోటుబుక్కులో అతికిస్తున్నాను. ఇప్పటికి 31 బళ్లవి చేరాయి. కింద కోడ్, సీసీ, బోరు, స్ట్రోకు, తయారైన నెల, రిజిస్ట్రేషన్ తేదీ. చివరి రెండూ వేరుగా రాయాలి. డిసెంబరులో తయారైన బండి ఫిబ్రవరిలో రిజిస్టరైతే జనం దాన్ని మరుసటి ఏడాది మోడల్ అంటారు, లోపల ఉండేది పాత ఏడాది ఇంజినే.

చాసిస్ నెంబరులో 17 అక్షరాలుంటాయి. ఎంఎ3 అంటే మారుతి, ఎంఎఎల్ అంటే హ్యుందాయ్, ఎంఎటి అంటే టాటా. పదో అక్షరం మోడల్ ఏడాది చెప్తుందని, ఎ అంటే 2010 అని చాలామంది అంటారు. అది అమెరికాలో అమ్మే బళ్లకి తప్పనిసరి నియమం. మన బళ్లన్నిటికీ అది పట్టదు, దాన్నే నమ్మి పార్ట్స్ కొనొద్దు.

ఆగస్టు మొదట్లో

ఈ నెలంతా స్విఫ్టులే. 2005లో వచ్చినప్పుడు పెట్రోలు స్విఫ్టులో జి13బిబి, 1298 సీసీ. 2010లో అదే ఆకారంలోకి కె12ఎం వచ్చింది, 1197 సీసీ. 2011లో ఆకారం మారింది, ఇంజిను మారలేదు. 2018లో ఆకారం మళ్లీ మారింది, అప్పుడూ కె12ఎంనే. 2021లో ఇంజిను కె12ఎన్ అయింది, సిలిండరుకి రెండు ఇంజెక్టర్లు. ఆకారం మాత్రం దాదాపు అదే. రెండూ కలిసి మారింది 2024లో, జడ్12ఇతో.

జడ్12ఇ కూడా 1197 సీసీనే. ఆర్‌సీలో సీసీ ఒక్కటే చూస్తే కె12, జడ్12 ఒకటే అనుకుంటాం. కె12కి బోరు 73, స్ట్రోకు 71.5, నాలుగు సిలిండర్లు. జడ్12కి 74, 92.8, మూడే సిలిండర్లు. రెండు లెక్కలూ 1197 దగ్గరే ఆగుతాయి. స్పార్క్ ప్లగ్గులు నాలుగు కొనాలా మూడు కొనాలా అనేది కూడా కోడే చెప్పాలి.

డీజిల్ స్విఫ్టుది డి13ఎ. ఆ ఇంజిను ఫియట్‌ది: 69.6 బోరు, 82 స్ట్రోకు, 1248 సీసీ. ఫియట్ దాన్ని మల్టీజెట్ అంది, టాటా ఇండికా విస్టాలో క్వాడ్రాజెట్ అంది, మారుతి డిడిఐఎస్ అంది. బిల్లల మీద పేర్లు మూడు, ఇంజిను ఒకటే.

హ్యుందాయ్ ఇంకా సగంలో ఉంది. జి అంటే పెట్రోలు, డి అంటే డీజిల్, తర్వాతి అంకె సిలిండర్లు. శాంట్రో జింగ్‌ది జి4హెచ్‌జి, గ్రాండ్ ఐ10 డీజిల్‌ది డి3ఎఫ్ఎ, మూడు సిలిండర్ల 1120 సీసీ. సీసీ అంకెల్లో కనపడదు, చివరి అక్షరానికి పట్టిక గుర్తుపెట్టుకోవాలి.

ఆగస్టు చివర

రైల్వే స్టేషన్ దగ్గర టాక్సీల వైపు పోయాను. "కొండకా స్వామీ?" అని నలుగురు చుట్టుకున్నారు. "కొండకు కాదన్నా, బానెట్ తీస్తే ఇంజిన్ చూస్తా" అంటే ఒకాయన వింతగా చూసి, నోటుబుక్కు చూపించాక తనే తీశాడు. రోజూ ఘాట్ రోడ్డు ఎక్కి దిగే ఇన్నోవా. అంత తిరిగే బండి కోడ్ నా పుస్తకంలో లేకపోతే ఎట్లా?

టొయోటాలో ముందున్న అంకె సీసీ కాదు, కుటుంబంలో వరుస. 2కెడి-ఎఫ్‌టీవీలో కెడి కుటుంబం, ఎఫ్ అంటే ట్విన్ క్యామ్ హెడ్డు (వాల్వులు తెరిచే షాఫ్టులు రెండు), టి టర్బో, వి కామన్ రైల్ డీజిల్ (ఎక్కువ ఒత్తిడితో డీజిల్ చిమ్మే పద్ధతి). పాత ఫార్చ్యూనర్‌లోని 1కెడి 2982 సీసీ, ఇన్నోవాలోని 2కెడి 2494. ఇన్నోవా క్రిస్టాలో 2జిడి, 2393. అంకె పెద్దదైతే ఇంజిను పెద్దదని కాదు. క్వాలిస్‌ది 2ఎల్, 2446 సీసీ. నా పట్టికలో పక్కపక్కన రాస్తే తెలిసింది: క్వాలిస్, ఇన్నోవా, క్రిస్టా మూడింటికీ బోరు 92 మిల్లీమీటర్లే. మారింది స్ట్రోకు: 92, 93.8, 90. అయినా మూడు వేర్వేరు కుటుంబాలు, బోరు కలిసింది కదా అని పిస్టన్ రింగులు మార్చి వేయడానికి లేదు. ఇన్నోవా హైక్రాస్‌కి వచ్చేసరికి ఎం20ఎ. ఇప్పుడు టొయోటా కూడా లీటర్ల లెక్కే పేరులో పెడుతోంది. గ్లాంజా బానెట్ తీస్తే మాత్రం సుజుకి కె12 కనిపిస్తుంది.

శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్ పికప్ కూడా చేరింది. మొదటిది 4జెకె1, 2499 సీసీ. బీఎస్6 పొగ నిబంధనల తర్వాత ఆర్‌జడ్4ఇ, 1898 సీసీ. సిలిండర్ల అంకె 4 ముందు నుంచి మూడో స్థానానికి పోయింది.

సెప్టెంబరు

స్నేహితుడి మామగారి మామిడి తోట దామలచెరువు దగ్గర ఉంది. అక్కడ కాయలు మోసే పాత మహీంద్రా ఎంఎం540 జీపు చూశాను. ఇంజిను పెజో ఎక్స్‌డీపీ 4.90. నాలుగు సిలిండర్లు, 90 మిల్లీమీటర్ల బోరు అని పేరులోనే ఉంది. స్ట్రోకు 83 వేస్తే 2112 సీసీ, జీపు కాగితాల్లోనూ అదే అంకె. ఈ నోటుబుక్కులో నాకు అన్నిటికంటే ఇష్టమైన పేజీ ఇదే.

మా 800కి ఎఫ్8బి ప్యాకింగ్ ఇక్కడ దొరకలేదు, మెకానిక్ అన్న చెన్నై పుదుపేట నుంచి తెప్పించాడు. గాడి తుడిచి, మూలల్లో చుక్క సిలికాన్ పెట్టి, బోల్టులు మధ్య నుంచి బయటికి కొద్దికొద్దిగా బిగించాను. ఆదివారం తలకోన పోయొచ్చి కవర్ అంచు పొడుగునా వేలు పెట్టి చూశాను, పొడిగానే ఉంది. వచ్చే వారం వ్యాగన్ ఆర్‌లు: ఎఫ్10డి నుంచి కె10బికి మారిన 2010 బళ్లు రెండు దొరికాయి, రెండింటి ప్రింట్లూ తీయాలి.